కీబోర్డు, మణికట్టు నొప్పి: ఎనిమిది నెలల కొలతల డైరీ

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కోర్టు దగ్గర చిన్న డీటీపీ షాపు. పగలు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కాగితాలు టైపు చేస్తాను. సాయంత్రం నలుగురు పిల్లలకి సంగీతం కీబోర్డు నేర్పుతాను. ఆదివారం చర్చిలో వాయిస్తాను. వయసు 43. కుడి మణికట్టులో చిటికెన వేలు వైపు ఏడాదిగా నొప్పి ఉండేది. మొదట్లో ఆదివారం రాత్రి వచ్చి సోమవారం సాయంత్రానికి పోయేది. తర్వాత పోవడం మానేసింది. అప్పుడు మొదలైంది ఈ డైరీ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నోటికి వచ్చిన భాషలోనే రాశాను, ఏమీ అనుకోకండి.

నేను డాక్టర్ని కాదు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తున్నా, పట్టు తప్పి చేతిలో గ్లాసు జారుతున్నా ఇది చదవడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మే 20–22: మొదటి కొలతలు

వాడిన సామాను: టైలరు టేపు, పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమాని, ఫోను, ఫోనుని పక్కనుంచి నిలబెట్టడానికి బియ్యం డబ్బా, రాసుకోవడానికి పాత క్యాలెండరు వెనక వైపు.

రెండే అంకెలు రోజూ రాశాను.

1. నొప్పి నిమిషం: ఎప్పుడూ అవే రెండు కీర్తనలు, అదే వేగంలో మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉంటే ఎన్నో నిమిషంలో మొదటి సలుపు వచ్చిందో అది. సలుపు రాగానే ఆపేయాలి.
2. పొద్దుటి మార్కు: మర్నాడు స్నానం అయ్యాక తువ్వాలు పిండేటప్పుడు నొప్పి ఎంత? 0 నుంచి 10 లోపు.

మూడు రోజుల సగటు: నొప్పి నిమిషం 11, పొద్దుటి మార్కు 6.

కూర్చునే తీరు కొలతలు ఇవి. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు 42 సెం.మీ. ఎక్స్ ఆకారపు స్టాండు మీద తెల్ల కీల పైభాగం నేల నుంచి 79. భుజాలు వదులుగా వేలాడేసి మోచేయి మడిస్తే దాని ఎత్తు నేల నుంచి 65. అంటే కీలు నా మోచేతి కంటే 14 సెం.మీ. పైన ఉన్నాయి. పొట్టకీ కీలకీ మధ్య దూరం 12.

ఫోను వీడియో ఆపి ఆపి కోణమాని పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. రెండో నిమిషంలో మణికట్టు వెనక్కి వంగింది 12 డిగ్రీలే. పదో నిమిషానికి 32. మొదట భుజాలు ఎత్తి మోచేతుల్ని పైకి మోస్తున్నాను. అలిసిపోయాక మోచేతులు దిగిపోతున్నాయి, మణికట్టు కీల అంచు కంటే కిందకి జారుతోంది, వేళ్లు మాత్రం పైకి ఎగబాకుతున్నాయి. రెండు నిమిషాల వీడియో తీసి “బాగానే కూర్చున్నాం” అనుకుంటే మోసపోతారు. పదో నిమిషం దాకా తీయండి.

పైనుంచి తీసిన వీడియోలో ఇంకోటి కనిపించింది. మరీ దగ్గరగా కూర్చుని, మోచేతులు బయటికి తోసి, చేతులు మధ్యలోకి తెస్తున్నాను. ముంజెయ్యి ఏటవాలుగా లోపలికి వస్తోంది, కీలు మాత్రం నిటారుగా ఉన్నాయి. ఆ తేడా అంతా మణికట్టు సర్దుకోవాలి. చిటికెన వేలు వైపు 24 డిగ్రీల వంకర. నొప్పీ సరిగ్గా అక్కడే.

ఈ అలవాటు ఎక్కడిదో తర్వాత తట్టింది. చిన్నప్పుడు చాప మీద కూర్చుని హార్మోనియం నేర్చుకున్నాను. ఎడమ చెయ్యి తిత్తి ఊదుతుంటే కుడి మణికట్టుని పెట్టె అంచు మీద ఆనించేవాడిని. పెట్టె పోయింది, ఆనించడం మిగిలింది.

దశ 1 (మే 24 – జూన్ 12): డబ్బు తగలేసిన దశ

ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాను. ఒకేసారి రెండు మార్చకపోవడం ఒక్కటే ఈ దశలో నేను చేసిన తెలివైన పని.

మణికట్టు పట్టీ, రూ. 280. నొప్పి నిమిషం 11 నుంచి 14కి వెళ్లింది, సంతోషించాను. నాలుగో రోజు మోచేతి బయటి వైపు కొత్త నొప్పి. మణికట్టు కదలకుండా కట్టేస్తే ఆ కదలిక మోచేయి, భుజం చేస్తాయి. పట్టీ డాక్టరు చెబితే విశ్రాంతికి వేసుకోవచ్చేమో. వేసుకుని వాయించడం మాత్రం నాకు పడలేదు.

చేతి గ్రిప్పర్, రూ. 160. “చేతిలో బలం లేకే నొప్పి” అని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. రోజుకి వంద నొక్కులు. నొప్పి నిమిషం 9కి పడిపోయింది, పొద్దుటి మార్కు 7. 19వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త షూమన్ కుడిచేతి వేలు పాడై పియానిస్టు కావాలన్న ఆశ వదులుకున్నాడు. వేళ్ల బలం కోసం వాడిన సాధనమే కొంప ముంచిందని చాలామంది చెబుతారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, నా గ్రిప్పర్ ఆరో రోజునే అటక ఎక్కింది.

జెల్ దిండు, రూ. 250. కంప్యూటరు ముందు పెట్టుకునేది. దాన్ని కీబోర్డు ముందు అంచుకి టేపుతో అంటించాను. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూడటానికి ఇదే అన్నిటికంటే సుఖంగా ఉంటుంది. మొదటి మూడు రోజులు మణికట్టు మెత్తగా ఆనుకుని హాయిగా ఉంది, నొప్పి నిమిషం 13. ఆరో రోజు షాపులో మౌస్ పట్టుకుంటే చూపుడు వేలు, మధ్య వేలు కొసలు జివ్వుమన్నాయి. అప్పటిదాకా నాకు తిమ్మిరి అన్నదే లేదు. మణికట్టు అడుగున, సరిగ్గా మనం ఆనించే చోటే, చిన్న సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లని మడిచే కండరాల తాళ్లూ, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలికి స్పర్శనిచ్చే నరమూ అందులోంచే వెళ్తాయి. దాని మీద బరువు వేసి, పైగా వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాను. దిండు పీకేశాను. మూడు రోజుల్లో తిమ్మిరి పోయింది. వాయించేటప్పుడు మణికట్టు దేని మీదా ఆనకూడదు, మెత్తటి దాని మీద కూడా.

నొప్పి ఆయింట్‌మెంటు రెండు ట్యూబులు, రూ. 190. వాసన బాగుంది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 880. నొప్పి నిమిషం: 11.

దశ 2 (జూన్ 14 – జూలై 1): టైపింగా, కీబోర్డా?

నాకు రెండు అనుమానితులు ఉన్నారు. ఒడియా వాళ్ల పండగ రజ సంక్రాంతికి నాలుగు రోజులు షాపు మూసేశాను. ఒక్క అక్షరం టైపు చేయలేదు, కీబోర్డు మాత్రం రోజూ వాయించాను. నొప్పి నిమిషం 12. అంటే సలుపు పుట్టేది వాయించడంలోనే. కానీ పొద్దుటి మార్కు 6 నుంచి 4కి తగ్గింది. అంటే రాత్రి మానాల్సిన దాన్ని పగలు టైపింగు మాననివ్వడం లేదు.

షాపులో చేసిన మార్పు చిన్నదే: కుర్చీ ఎత్తు పెంచి, మౌస్‌ని ఎడమ చేతికి మార్చాను. మొదటి వారం అఫిడవిట్లలో తప్పులు దొర్లాయి. ఒక లాయరు గారు “ఏటయ్యా, ఎడం చేత్తో టైపు చేశావా?” అని అడిగారు. అవునండీ అన్నాను.

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరుకి చూపించాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆయన పంపిన ఫిజియోథెరపీ ఆవిడ నా రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు పూర్తిగా వంచి, ఒక నిమిషం ఉంచమంది. తిమ్మిరి రాలేదు. చిటికెన వేలు వైపు నొక్కితే మాత్రం కుర్చీలోంచి లేచాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మాటల్లో ఇది. వేళ్లని ఆడించే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి తాళ్లు మణికట్టు మీదుగా వేళ్లకి వస్తాయి. నూతి గిలక మీద చేంతాడు గాడిలో ఉంటే ఎన్ని బిందెలైనా తోడొచ్చు. పక్కకి ఒరిసి తోడితే నెల తిరక్కుండా పీచు లేస్తుంది. మణికట్టు తిన్నగా ఉండటం అంటే తాడు గాడిలో ఉండటం.

రెండు సూచనలు ఇచ్చింది.

1. సలుపు వచ్చాక ఆపడం కాదు, వచ్చే ముందే ఆపాలి. నాది 11 కాబట్టి 8 నిమిషాలకోసారి ఆపి 3 నిమిషాలు చేతులు వేలాడేయాలి.
2. గ్రిప్పర్ వద్దు. ముంజెయ్యి బల్ల మీద పెట్టి, మణికట్టు అంచు బయట ఉంచి, చాలా నెమ్మదిగా పైకీ కిందికీ. రెండు వారాలు ఉత్త చేత్తో, తర్వాత అర లీటరు నీళ్ల సీసాతో, నొప్పి రానంత వరకే.

ఖర్చు: డాక్టరు 400, ఎక్స్‌రే 350, ఫిజియో రెండు సార్లు 600, మూడు సార్లు బస్సు 360. ఈ దశకి 1,710.

ఇప్పటిదాకా: రూ. 2,590.

దశ 3 (జూలై 5 – ఆగస్టు 20): బల్ల, దాని రెండో జన్మ

లెక్క సులువనుకున్నాను. కూర్చున్న చోటు నుంచి నా మోచేయి 23 సెం.మీ. ఎత్తు. మోచేయి కీల ఎత్తుకి రావాలి. కీలు 79, అందులోంచి 23 తీస్తే 56. కాబట్టి 56 సెం.మీ. బల్ల కావాలి. వడ్రంగికి కాగితం మీద గీసిచ్చాను. ఆయన కొలత చూసి, నన్ను కింద నుంచి పైకి చూసి, “ఏటి మాస్టారూ, ఇది కూకోడానికా, గోడకి సున్నమెయ్యడానికా?” అన్నాడు.

లెక్క కరెక్టే, చెయ్యమన్నాను. చేశాడు. కలప 400, కూలి 500.

మణికట్టు కోణం వెంటనే 10 డిగ్రీల లోపుకి వచ్చింది. కాళ్లు మాత్రం నేలకి అందలేదు. నా ఎత్తు 160 సెం.మీ. పది నిమిషాలకి బల్ల అంచు తొడల కింద కోసుకుపోయి పాదాలు మొద్దుబారాయి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తొక్కాలంటే బల్ల దిగాలి. కాళ్లకి ఆధారం లేకపోతే నడుము బిగుస్తుంది, నడుము బిగిస్తే భుజాలు, భుజాల నుంచి మళ్లీ మణికట్టే. వడ్రంగి అడిగిన మొదటి ప్రశ్నలోనే ఇదంతా ఉంది.

తప్పు ఎక్కడంటే, కీల ఎత్తుని మార్చలేని అంకె అనుకున్నాను. రెండూ కలిపి చూడాలి. మామూలు పియానో మీద తెల్ల కీలు నేల నుంచి సుమారు 72–74 సెం.మీ. ఉంటాయి. నా స్టాండులో రెండే గాట్లు పనికొచ్చేవి: ఒకటి 79, ఇంకోటి 68. 68కి దించితే కాళ్లు వెడల్పయి ఎక్స్ నడిమి బోల్టు మోకాళ్లకి కొడుతోంది. వెల్డింగు షాపులో మధ్యలో కొత్త రంధ్రం వేయించాను, 50 రూపాయలు, కీలు 72కి వచ్చాయి. ఇది చేసేవాళ్లకి ఒక మాట: రంధ్రం రెండు గొట్టాల్లోంచీ తిన్నగా పోవాలి, బోల్టుకి వాచరు వేయాలి, కీబోర్డు పెట్టే ముందు చేతుల్తో గట్టిగా కిందికి నొక్కి ఊపి చూడాలి. మాది మొదట ఊగింది. వాచరు మార్చాక ఆగింది.

కీలు 72 అయితే బల్ల 49. నాలుగు కాళ్లూ 7 సెం.మీ. చొప్పున కోయించాను, 100 రూపాయలు. వడ్రంగి ఏమీ అనలేదు, నవ్వాడంతే. కోసిన నాలుగు ముక్కలూ పారేయకుండా ఇచ్చాడు. అవి తర్వాత పనికొచ్చాయి.

పైన స్పాంజి, రెక్సిను 270. స్పాంజి రెండున్నర సెం.మీ. ఉంది కదా అని లెక్కలో వేయబోయాను. కూర్చుంటే అణిగి ఒక్క సెం.మీ. మిగిలింది. స్పాంజిని ఎప్పుడూ కూర్చునే కొలవండి.

ఇప్పుడు కూర్చునే పద్ధతి:

1. బల్ల ముందు సగం మీదే కూర్చోవాలి. 49 ఎత్తులోనూ పాదాలు నేలకి పూర్తిగా ఆనేది అప్పుడే.
2. పొట్టకీ కీలకీ దూరం 12 నుంచి 26కి. మోచేతులు ఒంటికి కాస్త ముందుకు రావాలి.
3. పక్క కీలకి చెయ్యి సాచే బదులు నడుము నుంచి ఆ వైపు ఒరగాలి. మణికట్టు మెలిపెట్టి అందుకోకూడదు.
4. బల్ల కీబోర్డు మధ్యకి కాదు, మీరు ఎక్కువగా వాయించే భాగం మధ్యకి జరపాలి.

పదో నిమిషం వీడియో: వెనక్కి వంపు 32 నుంచి 9 డిగ్రీలు, పక్క వంకర 24 నుంచి 10.

నొప్పి నిమిషం 19. పొద్దుటి మార్కు 3.

ఈ దశలోనే ఒక పిల్లాడి తండ్రి ఫోనులో కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ వీడియో చూపించి, “ఈయన నేల మీద కూర్చున్నట్టే ఉన్నాడు, మరి?” అని అడిగారు. నిజమే, ఆయన కోసం వాళ్ల నాన్న కాళ్లు కోసి తయారుచేసిన మడత కుర్చీ 14 అంగుళాలే, మోచేతులు కీల కంటే కింద ఉండేవి. 1970ల చివర్లో ఆయన కూడా చేతి ఇబ్బందితో నోటు పుస్తకాలు నింపుకున్నాడు. అది ఆ కుర్చీ వల్లే అని నేను అనను. కానీ మన లెక్కకి ఆయన కుర్చీని సాక్ష్యంగా పిలవకండి.

ఇప్పటిదాకా: రూ. 3,910.

దశ 4 (సెప్టెంబరు – అక్టోబరు మొదలు): వంటింటి త్రాసు

అన్నీ కొలతకి వచ్చాక కూడా 19 దగ్గర ఆగిపోయింది. రెండు వారాలు అక్కడే. కోణం బాగుంది, ఎత్తు బాగుంది, ఇంకేం మిగిలింది? బలం మిగిలింది. దాన్ని కొలవొచ్చని తట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ముందు కీ ఎంత అడుగుతోందో చూశాను. హోమియో మాత్రల ఖాళీ సీసా ఒకటి తీసుకుని, మధ్య ‘స’ కీ ముందు అంచు మీద నిలబెట్టి, చిటికెడు చిటికెడు ఇసుక పోస్తూ వెళ్లాను. ఒక చిటికె దగ్గర కీ మెల్లగా దిగిపోయింది. సీసాని పక్క వీధి కంసాలి త్రాసులో తూయిస్తే 62 గ్రాములు.

తర్వాత నేనెంత ఇస్తున్నానో. కేకుల కోసం మా ఆవిడ కొన్న డిజిటల్ త్రాసుని కీబోర్డు ఎత్తులో పుస్తకాల మీద పెట్టి, కళ్లు మూసుకుని, చర్చిలో వాయించినట్టే ఒక వేలితో నొక్కి పట్టుకున్నాను. మా ఆవిడని అంకె చదవమన్నాను. 430. మూడు వేళ్లతో కార్డు (మూడు స్వరాలు ఒకేసారి) పట్టాను. “కేజీన్నర చూపిస్తోందండీ, బంగాళాదుంపలు తూస్తున్నారా?” అంది. సరిగ్గా 1,450 గ్రాములు.

కీ 62 గ్రాములకే దిగిపోతుంది. అడుగు తగిలాక ఎంత నొక్కినా శబ్దం పెరగదు, ఆ బలమంతా తిరిగి మన తాళ్లకే వస్తుంది. నేను ప్రతి కీర్తనలో, ప్రతి కార్డులో, నేల తగిలిన కీని ఇంకా నొక్కుతూనే కూర్చున్నాను. ఎనిమిదేళ్ల నా శిష్యురాలిని నొక్కమంటే 150 చూపించింది. నేను నేర్పిన పిల్ల నాకంటే బాగా వాయిస్తోందని ఆ రోజు తెలిసింది.

దీనికి చేసిన సాధన, రోజుకి 10 నిమిషాలు, ఐదు వారాలు:

1. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 30 దెబ్బల మీద. ఒక కీ నొక్కాలి. శబ్దం వినగానే బలం వదిలేయాలి. వేలు కీ మీదే ఉంటుంది, కీ పైకి లేవకుండా ఉండేంత బరువే ఉంచాలి.
2. రెండో చేత్తో ముంజేతి అడుగు తాకి చూడాలి. కండ రాయిలా ఉంటే ఇంకా పట్టుకునే ఉన్నట్టు. మెత్తబడే దాకా తర్వాతి కీకి పోకూడదు.
3. ఐదు వేళ్లకీ అదే, తర్వాత రెండు వేళ్లు కలిపి, తర్వాత కార్డు.
4. వారానికోసారి త్రాసు మీద పరీక్ష, కళ్లు మూసుకునే.

మొదటి వారం 380, రెండో వారం 390 (ఆ వారం కోపంగా ఉన్నాను), మూడో వారం 240, నాలుగు 160, ఐదు 120. కార్డు 1,450 నుంచి 420కి.

ఎడమ చేతికి ఇంకా సులువైన దారి దొరికింది, సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఆటో అకంపనిమెంటు (కీబోర్డే తోడు వాయించేది) ఆన్‌లో ఉంటే కార్డు ఒకసారి నొక్కి వదిలేసినా తర్వాతి కార్డు దాకా రిథమ్ అదే కార్డులో నడుస్తుంది. పన్నెండేళ్లుగా బార్ (ఒక తాళం ఆవృత్తి) మొత్తం పట్టుకుని కూర్చుంటున్నాను. వదిలేసి ఒళ్లో పెట్టుకోవచ్చు. ఇప్పుడు అదే చేస్తున్నాను.

నొప్పి నిమిషం 33. పొద్దుటి మార్కు 2. ఈ దశ ఖర్చు సున్నా. మొత్తం అదే 3,910.

దశ 5 (అక్టోబరు): వినపడకపోతే బాదుతాం

ఇంట్లో 33. చర్చిలో ఇరవైకే సలుపు. అదే బల్ల, అదే స్టాండు మోసుకెళ్లినా అంతే. ఫోను పెట్టి చూస్తే చర్చిలో కుడి చేత్తో మెలొడీ అంతా ఆక్టేవుల్లో (కింది స్వరం, దాని పై స్వరం కలిపి) కొడుతున్నాను. ఇంట్లో అలా వాయించను. కారణం స్పీకర్లు జనం వైపు తిరిగి ఉన్నాయి. క్వయరు, డోలకు మధ్య నా శబ్దం నాకే వినపడదు. వినపడని వాడు అరుస్తాడు, నేను బాదుతున్నాను.

ఆక్టేవు లెక్క కూడా చూడండి. మామూలు సైజు తెల్ల కీ వెడల్పు సుమారు 23.5 మి.మీ. ‘స’ నుంచి పై ‘స’ మధ్యకి ఏడు కీలు, 164 మి.మీ. పైచిలుకు. నా చెయ్యి బలవంతంగా చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొసకి 205. అంటే ఆక్టేవు పట్టిన ప్రతిసారీ నా చాపులో ఐదింట నాలుగు వంతులు వాడుతున్నాను. అలా చాపి ఉంచి నొక్కడం ఒకటి, చాపి ఉంచే బాదడం ఇంకొకటి.

మార్పులు మూడు. ఇంట్లో పడి ఉన్న కంప్యూటరు స్పీకరుని నా మోకాలి పక్కన పెట్టి హెడ్‌ఫోను అవుట్ నుంచి కలిపాను. నా కీబోర్డులో హెడ్‌ఫోను పెడితే దాని సొంత స్పీకర్లు ఆగిపోతాయి, హాలుకి వెళ్లే లైను వేరే ఉంది కాబట్టి పర్వాలేదు. మీది చూసుకోండి. కేబులు 120 రూపాయలు. రెండోది, టచ్ సెట్టింగు ‘హార్డ్’లో ఉంది, ఎప్పుడో ఎవరో చెబితే భావం బాగా పలుకుతుందని పెట్టాను. హార్డ్‌లో పెద్ద శబ్దానికి గట్టిగా కొట్టాలి, సాఫ్ట్‌లో తేలిగ్గా తాకినా వస్తుంది. సాఫ్ట్‌కి మార్చాను. మూడోది, ఆక్టేవు మెలొడీ చివరి చరణానికే. మిగతా చోట్ల ఒకే స్వరం, నిండుదనం కావాలంటే డ్యూయల్ వాయిసు, అంటే రెండు వాద్యాల శబ్దం కలిపి.

మొదటి ఆదివారం పాస్టరు గారు “ఈ రోజు కీబోర్డు మెత్తగా ఉందేం?” అన్నారు. రెండో ఆదివారం ఏమీ అనలేదు.

నొప్పి నిమిషం చర్చిలో 41, ఇంట్లో 47. పొద్దుటి మార్కు 1. మొత్తం రూ. 4,030.

దశ 6 (నవంబరు): పిల్లలు

ఎనిమిదేళ్ల పిల్ల మోచేయి కూర్చున్న చోటు నుంచి 16 సెం.మీ. కీలు 72. ఆమెకి బల్ల 56 కావాలి. అవును, నేను మొదట చేయించిన ఎత్తే. ఇప్పుడు 49 బల్ల మీద పాత కాజ్ లిస్టుల (కోర్టు కేసుల జాబితాలు) కట్ట 7 సెం.మీ. మందాన వేసి కూర్చోబెడుతున్నాను, కోర్టు పక్క షాపు కాబట్టి వాటికి కొదవ లేదు. కాళ్ల కింద పాత మంచం చెక్క, దాని కింద వడ్రంగి కోసిచ్చిన ఆ నాలుగు ముక్కలూ, ఇంకా అందని కొరతకి రెండు ఇటుకలు.

ఆమె చాపు 150 మి.మీ. ఆక్టేవు ఆమె చేతికి లేదు, అంతే. ‘సాగుతుందిలే’ అని చాపించడం మానేశాను. పాటలో వస్తే ఒక స్వరం వదిలేయమంటాను. పిల్లలు నొప్పి అని చెప్పరు, చెయ్యి దులుపుకుంటారు. దులుపుకున్న వెంటనే ఆపించి నీళ్లు తాగి రమ్మంటాను.

దశ 7 (డిసెంబరు): అసలు పరీక్ష

క్రిస్మస్ నెల. కేరల్స్ రాత్రుళ్లు, మూడు భాషల పాటలు: తెలుగు కీర్తన, ఒడియా పాట, సవర పాట. కొన్ని ఇళ్లలో బల్ల పెట్టే చోటుండదు, స్టాండు తెరిచే చోటుండదు. డిసెంబరు 18 రాత్రి ఒక ఇంట్లో కీబోర్డుని మంచం మీద పెట్టి, నేను నేల మీద కూర్చుని 25 నిమిషాలు వాయించాను. ఏడు నెలల కొలతలన్నీ గాలికి పోయాయి. మర్నాడు పొద్దుటి మార్కు 5. అప్పటి నుంచి స్టాండు పట్టని ఇంట్లో కీబోర్డు తీయలేదు, గిటారు కుర్రాడిని వాయించమన్నాను. అతనికి సంతోషమే.

చలి కూడా లెక్కలోకి వచ్చింది. రాత్రి బయట చేతులు కొయ్యబారితే మొదటి పాటలోనే బిగుస్తున్నాయి. గోరువెచ్చని నీళ్ల సీసా శాలువాలో చుట్టి తీసుకెళ్లాను. మొదటి పాట ఎప్పుడూ నెమ్మది పాటే అని క్వయరుతో ఒప్పందం.

24వ తేదీ రాత్రి విరామాలతో కలిపి మూడు గంటలు. మర్నాడు మార్కు 4. 26న వాయించలేదు, టైపు చేయలేదు. 27న మార్కు 2. 31 రాత్రి ఆరాధనకి 3. కిందటేడు ఇదే వారంలో తువ్వాలు మా అబ్బాయి చేత పిండించుకున్నాను.

జనవరి 9

నొప్పి నిమిషం ఇంట్లో 50 దాటింది, అక్కడితో కొలవడం ఆపేశాను. త్రాసు మళ్లీ కేకులకి వెళ్లిపోయింది. నెలకోసారి అప్పు తెచ్చుకుంటాను, ఎందుకంటే డిసెంబరులో చూస్తే 120 కాస్తా 210కి ఎక్కి కూర్చుంది. మిగిలిన బాధ ఎడమ బొటనవేలు మొదలు దగ్గర, కొత్తది, మౌస్ వల్ల అనుకుంటున్నాను. ఈ వారం మౌస్ ఒక రోజు కుడి, ఒక రోజు ఎడమ.

చర్చికి ఇంకో బల్ల కావాలన్నారు. వాయించేవాళ్లం ముగ్గురం, ముగ్గురివీ మూడు ఎత్తులు. ఈసారి కాళ్లలో రంధ్రాలు వేసి బోల్టుతో ఎత్తు మార్చేలా చేయించాం. కీబోర్డు వెనక గోడ మీద సుద్దతో గీతలు గీశాను: నాకు 49, పాస్టరు గారి అమ్మాయికి 51. గిటారు కుర్రాడు కూడా కీబోర్డు నేర్చుకుంటున్నాడు, ఆరడుగుల మనిషి. అతని మోచేయి ఇంకా కొలవలేదు. ఆదివారం టేపు పట్టుకెళ్లాలి.